మడమలో మేకు

పటాలు కట్టే పనిలో మా నాన్న నేర్పిన మొదటి నియమం ఇది. దేవుడి బొమ్మ ఫ్రేములో పట్టకపోతే ఆకాశం కోయి, చెట్లు కోయి, పాదాలు మాత్రం కోయకు. రెండోది, కోసిన ముక్కల్ని చెత్తలో వేయకు. అందుకే నిడదవోలు స్టేషన్ రోడ్డులోని మా కొట్లో బల్ల కింద ఎప్పుడూ ఒక గోనెసంచి ఉంటుంది. వెంకటేశ్వరస్వామి పటం అంచులు, లక్ష్మీదేవి వెనకాల ఏనుగు తోక, అన్నీ అందులోకే. ఏసుప్రభువు బొమ్మల అంచులు కూడా. సంచి నిండాక మా ఆవిడ కన్యకాపరమేశ్వరి తీసుకెళ్ళి కాలువలో కలిపి వస్తుంది.

ఎజ్రా మాస్టారు హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యారు. ఆయనకి సిలువ బొమ్మలంటే పిచ్చి. ఇంటినిండా దేశదేశాల బొమ్మల పుస్తకాలే. శనివారం మధ్యాహ్నం నలుగురైదుగురు పెద్దవాళ్ళు ఆయన వరండాలో చేరి, ఏ చిత్రకారుడు మేకు ఎక్కడ వేశాడు, నిజంగా ఎక్కడ కొట్టేవారు అని వాదించుకుంటారు. వాళ్ళలో హోమియో డాక్టరు తాతాజీ గారు ఉన్నారు. ఆయన నాలాగే కోటసత్తెమ్మ తల్లి భక్తుడు. ఆయనకి అక్కడేం పనో నాకు అర్థమయ్యేది కాదు.

గుడ్ ఫ్రైడే ముందు సోమవారం మాస్టారూ, తాతాజీ గారూ చుట్టిన కాన్వాసు ఒకటి తెచ్చి బల్లమీద విప్పారు. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

నాకు తెలిసిన సిలువ బొమ్మల్లో తల చుట్టూ వెలుగుంటుంది. ఇందులో లేదు. పాతికేళ్ళ మనిషి, ఒంటిమీద గుడ్డ లేదు, ఊపిరి కోసం నోరు తెరుచుకుని ఉన్నాడు. కాళ్ళు మానుకి అటొకటి ఇటొకటి. మడమ పక్కనుంచి లోపలికి దిగిన మేకు.

"ఇదేంటండి మాస్టారూ! ప్రభువుని ఇలాగా?"

"ప్రభువు కాదండి షావుకారు గారూ. ఇంకొకాయన."

"ఇంకొకాయనేంటండి?"

తాతాజీ గారు నవ్వారు. "ఒక్కరినే సిలువ వేశారనుకున్నారా? రోము వాళ్ళకి అది మామూలు శిక్షండి. ఒకసారి బానిసలు తిరగబడితే ఆరువేల మందిని రోడ్డు పొడుగునా వేలాడదీశారు. మన నిడదవోలు నుంచి విశాఖపట్నం దాకా అనుకోండి."

నాకు విశాఖ రైలు కిటికీ కళ్ళముందుకొచ్చింది. సామర్లకోట, అన్నవరం, తుని. ఇంకా అయిపోలేదు.

మాస్టారు మెల్లగా చెప్పారు. "యెరూషలేములో ఒక రాతిపెట్టెలో అలా చంపిన ఒకాయన ఎముకలు దొరికాయండి. మడమ ఎముకలో మేకు అలాగే ఉంది. మానులో ముడికి తగిలి కొన వంగిపోయిందంటారు. ఇంక బయటికి రాలేదు. మేకుతోనే సమాధి చేశారు. ఈ బొమ్మ ఆయనదే."

"నాలుగంగుళాల పైనే ఉందండి మేకు!" అని తాతాజీ గారు వేళ్ళు చాపి, చెరువులో పడ్డ రొయ్య సైజు చెప్పినట్టు చూపించారు.

చెక్కలో ముడి తగిలితే మేకు ఎలా వంగుతుందో నాకు తెలుసు. మా కొట్లో రోజూ జరిగేదే.

"కొట్టినవాడెవడండి?" అన్నాను.

"ఎవడో సిపాయండి. అతని డ్యూటీ అది. సాయంత్రం ఇంటికెళ్ళి అన్నం తినే ఉంటాడు." మాస్టారు లేచారు. "శుక్రవారం చర్చి హాల్లో పెట్టాలి. గురువారం పొద్దుటికి కట్టేయండి."

రెండు రోజులు దాన్ని గోడకి తిప్పి పెట్టాను. బాధపడాల్సిన చోట కొలతలు తీస్తారేంటి వీళ్ళు? ఇది భక్తా, వేడుకా? బుధవారం ఇక తప్పక బల్లమీద పరిచాను. ఆ మడమ కనపడుతుంటే చెయ్యి ఆడలేదు. దేవుడు కాదన్నారుగా, నియమం దేవుడికేగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. స్కేలు పెట్టి మోకాళ్ళ కింద కోసేశాను. ఆ తర్వాత బొమ్మ వైపు చూడగలిగాను. ముక్కని మాత్రం చెత్తలో వేయలేక సంచిలో వేశాను.

గురువారం మాస్టారు ఒక్కరే వచ్చారు. చాలాసేపు చూశారు.

"పాదాలేవండి?"

"చూడలేకపోయానండి. జనం కూడా చూడలేరు. మీ మంచికేనని..."

ఆయన జేబులోంచి కుడిచెయ్యి తీసి బల్లమీద పెట్టారు. అది ఆగకుండా వణుకుతోంది. "ఆ పాదాలు వేయడానికి నాకు ఎనిమిది నెలలు పట్టిందండి. అవి వేస్తున్నప్పుడే మొదలైంది ఇది. మళ్ళీ వేయలేను. సిలువ వేసిన అంతమందిలో ఎలా కొట్టారో మనకి చూపించడానికి మిగిలింది ఆ మడమేనండి. దాన్నే కోసేశారు."

గబగబా బల్ల కింద చూశాను. సంచి లేదు. వచ్చేవారం కాలువలు కట్టేస్తారని, నీళ్ళుండగానే కలపాలని కన్యక పొద్దున్నే పట్టుకెళ్ళింది.

స్కూటరు మీద రేవుకి ఎలా వెళ్ళానో తెలీదు. ఆవిడ చివరి మెట్టు మీద నిలబడి ఖాళీ సంచి దులుపుతోంది. నీళ్ళమీద రంగురంగుల ముక్కలు వంతెన వైపు సాగిపోతున్నాయి.

"కన్యకా! అందులో పాదాలు..."

"ఇదిగోనండీ, ఏంటా కంగారు?" పై మెట్టుమీద చెప్పుల పక్కన, తడవకుండా కొబ్బరాకు మీద పెట్టి ఉంది. "అన్నీ కలిపేశాను. దీన్ని వేయబుద్ధి కాలేదు. ఎవరి బిడ్డో ఏమో. మేకు తియ్యకుండా ఎలా సాగనంపుతామండీ?"

ఆ ఎముక కథ నేను ఆవిడకి అంతకుముందు చెప్పనేలేదు.

కొట్టుకొచ్చి మాస్టారికి ముక్క ఇచ్చి, ఆవిడ మాట చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "వాళ్ళమ్మ బతికుంటే అదే అనుండేదండి. సమాధి చేసేముందు లాగి లాగి చూసే ఉంటారు."

"నన్ను క్షమించండి మాస్టారూ."

"ముందు కట్టండి" అన్నారు.

రెండు ముక్కలూ ప్లైవుడ్ మీద అతికించాను. మోకాళ్ళ కింద గీత కనపడుతూనే ఉంది. నేను ఫ్రేము మూలలకి మేకులు కొడుతుంటే ఆయన రెండో చివర పట్టుకున్నారు. చేతి వణుకు చెక్కలోంచి నా చేతికి తెలుస్తోంది. మూడో మూల దగ్గర టేకులో ముడి తగిలి మేకు వంగింది. ఇంకెప్పుడైనా అయితే సుత్తితో అణగ్గొట్టేసి పుట్టీ పెట్టేసేవాణ్ణి.

కటింగ్ ప్లేయర్ తీసుకుని లాగాను. రాలేదు. బల్లకి మోకాలు ఆనించి మళ్ళీ లాగాను. మాస్టారు చూస్తున్నారు. వచ్చేదాకా లాగాను.