పదిహేడో వారం వరకు

రెండింటికి వస్తానన్న విలేకరి రెండింటికే వచ్చింది. నా ముప్ఫై ఎనిమిదేళ్ళ రాతలో ఇలాంటి వింత నేనెప్పుడూ రాయలేదు. రాస్తే నమ్మేవారు కాదు.

అప్పటికి బల్ల మీద ఎనిమిది కాగితాలున్నాయి. నా నలభై ఒకటో నవల, వారపత్రికలో సీరియల్‌గా వస్తున్నది, ముప్ఫై రెండో వారం, ఆఖరిది. నాలుగింటికల్లా మా ఆవిడ వాటిని ఫోనులో ఫొటోలు తీసి ఎడిటరుకి పంపితే నా పని అయిపోతుంది. ఇంక రాయనని నాకు నేనే మాటిచ్చుకున్నాను. బయట ఎవరికీ చెప్పలేదు. బతిమాలతారని కాదు. బతిమాలకపోతే బాగుండదని.

అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. ఏదో దినపత్రిక ఆదివారం సంచికకట. కుర్చీ అంచున కూర్చుని ప్రశ్నల కాగితం తీసింది.

"ముందు చిన్న చిన్న అభిరుచులు సార్. ఇష్టమైన రంగు?"

"నీలం."

"ఎప్పుడు రాస్తారు?"

"తెల్లవారుజామున. ఊరు లేవకముందే రెండు గంటలు."

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వచ్చింది. "ఆ టైములో ఆయన్ని లేపాలంటే ఇల్లంటుకోవాలమ్మా. అప్పుడైనా 'మంట ఎక్కడిదాకా వచ్చింది' అని అడిగి అటు తిరిగి పడుకుంటారు."

అమ్మాయి నవ్వాపుకుంది. "ఏం రాసుకోను సార్?"

"తెల్లవారుజామనే రాసుకో. ముప్ఫై ఏళ్ళుగా అదే అచ్చవుతోంది. ఇప్పుడు మారిస్తే అనుమానిస్తారు."

"కథంతా ముందే అనుకుంటారా?"

"హంతకుడెవరో తెలియకుండా పెన్ను పట్టను." ఇది మాత్రం నిజం.

"మీ మొదటి పాఠకులెవరు?"

"ఇంకెవరు, మా ఆవిడే. ఆవిడ దగ్గరో నోటుపుస్తకం ఉంటుంది. నేను ఎవర్ని ఏ వారం చంపానో, ఎవరికి ఏ చెంప మీద పుట్టుమచ్చ పెట్టానో అన్నీ అందులో ఎక్కిస్తుంది. అది లేకపోతే నా శవాలు లేచి కూర్చుంటాయి."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. మా ఇంట్లో ఆ చప్పుడు ఆగిందంటే ఏదో ఉన్నట్టే. నేను పట్టించుకోలేదు.

అమ్మాయి గొంతు తగ్గించింది. "సార్, హంతకుడెవరో నాకొక్కదానికి చెప్తారా? ఒట్టు, ఎవరికీ చెప్పను. మా అమ్మకి కూడా."

పని పూర్తయిపోయింది, ఒళ్ళు అలిసిపోయి ఉంది. అలాంటప్పుడు మనిషి మెత్తబడతాడు. "డ్రైవరు," అన్నాను.

కథ పెద్దదేం కాదు. ఒక బంగళా. మొదటి వారం యజమాని హత్య. పదిహేడో వారం, హంతకుణ్ణి చూసిన వంటమనిషి హత్య. అనుమానం మేనల్లుడి మీదికీ మేనేజరు మీదికీ ప్లీడరు మీదికీ తిరిగి, ఎవరి కంటికీ ఆనని డ్రైవరు దగ్గర ఆగాలి. అసలు దొంగని చివరిదాకా పాఠకుడి కంటపడకుండా దాచడం మా వృత్తిలో పాత పద్ధతి. డ్రైవరుని చాలా బాగా దాచాననే అనుకున్నాను.

అమ్మాయి పెన్ను కిందికి దించింది. "డ్రైవరు పోయాడు కద సార్."

"ఎప్పుడు?"

"పందొమ్మిదో వారం. కారు లోయలో పడుతుంది. 'డ్రైవరు అక్కడికక్కడే ప్రాణాలు విడిచాడు' అని రాశారు. ఇంటర్వ్యూ కదా అని ముప్ఫై ఒక్క వారాలూ మళ్ళీ చదువుకుని వచ్చాను సార్."

పందొమ్మిదో వారం నాకు జ్వరం. రెండు పేజీలు తక్కువపడితే కారుని లోయలో పడేశాను. అందులో ఎవరున్నారో ఆలోచించలేదు. కారున్నాక డ్రైవరుంటాడు కదా, ఒక్క వాక్యంలో వాణ్ణి తీసేశాను. ఇప్పుడు బల్ల మీది ఎనిమిది కాగితాల్లో ఇనస్పెక్టరు వాడికి బేడీలు వేస్తున్నాడు.

గడియారం రెండూ నలభై.

"ఏమోయ్, ఆ నోటుపుస్తకం తే."

మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. పేజీలు తిప్పాను. 'పదిహేడో వారం. వంటమనిషి. వెనక మెట్ల మీద.' ఆ తర్వాతంతా తెల్లకాగితం.

"ఇదేంటి?"

"మానేశాను."

"మానెయ్యడమేంటి? ప్రతివారం ఫొటోలు తీసి పంపిస్తూనే ఉన్నావు కదా!"

"పంపించాను. కాగితం నాలుగు మూలలూ పడ్డాయో లేదో చూసుకుంటే సరిపోతుంది. ఫొటో తియ్యడానికి చదవక్కర్లేదు కదండీ."

పద్నాలుగు వారాలు. ప్రతివారం ఆవిడ ఫోను కింద పెట్టగానే నేను మొహంలోకి చూసేవాణ్ణి. ఆవిడ తలూపేది. బాగుందని అనుకునేవాణ్ణి. అది పంపేశానని చెప్పడమట.

"ఎందుకు మానేశావు?"

ఆవిడ అమ్మాయి వైపు చూసింది. ఉన్నా పర్వాలేదనుకున్నట్టుంది. "పదహారో వారం ఆ వంటమనిషి కూతురికి ఎర్ర చెప్పులు కొంటుంది. సంచిలో పెట్టుకుంటుంది. మర్నాడు చంపేశారు. ఆ చెప్పులేమయ్యాయి అని అడిగాను. గుర్తుందా?"

గుర్తులేదు.

"'చెప్పులెవడిక్కావాలి, శవం కావాలి గాని' అన్నారు. ఎవడికో కాదు, నాకు కావాలి. మీరిదివరకు అలా వదిలేసేవారు కాదు. పుస్తకం మూసేశాను."

అమ్మాయి కాగితాలు సర్దుకుంటోంది. "సార్, మొదటి పాఠకులు అన్న ప్రశ్న... కొట్టేయనా?"

"వద్దమ్మా. పదిహేడో వారం వరకు మా ఆవిడ, అని రాసుకో. డ్రైవరు సంగతి మాత్రం..."

"ఏ డ్రైవరు సార్?" అంది అమ్మాయి. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "చెప్పుల సంగతి నాక్కూడా అనిపించింది ఆంటీ."

మూడయింది. ఎడిటరుకి ఫోను చేస్తే ఒడ్డున పడతాను. పోయిన వారమే అడిగాడు, ఇంకో పది వారాలు లాగండి గురువుగారూ అని. లాగితే డ్రైవరుకి కవల తమ్ముణ్ణి పుట్టించవచ్చు. వాడి మొహమే ఆపరేషన్‌తో మార్పించవచ్చు. రెండూ చెరి రెండుసార్లు వాడినవే. కాని పది వారాలంటే ఎనభై పేజీలు. తలుచుకుంటేనే కుడి భుజం పీకింది.

చివరి నాలుగు కాగితాలు చింపేసి కొత్తవి తీసుకున్నాను.

ప్లీడరు ఇంటి గుమ్మం దగ్గర ఇనస్పెక్టరు బూట్లు విప్పుతాడు. పక్కనే చిన్న ఎర్ర చెప్పులు. ప్లీడరు మనవరాలు వాటిని ఈడ్చుకుంటూ తిరుగుతోంది. ఆ పిల్లకంటే రెండేళ్ళు పెద్దదాని కొలత. వంటమనిషి సంచిలోని బంగళా తాళంచెవి కోసం సంచి ఎత్తుకెళ్ళాడు ప్లీడరు. తాళంచెవి కాలవలో పారేశాడు, సంచి తగలబెట్టాడు. చెప్పులు కొత్తవి, పారేయబుద్ధి కాలేదు. అంతే. తుపాకులు లేవు, పరుగులు లేవు. కేసు తేలాక ఇనస్పెక్టరు ఆ చెప్పులు తీసుకెళ్ళి వంటమనిషి కూతురికి ఇస్తాడు. సమాప్తం.

నాలుగింటికి పది నిమిషాలుంది. వేళ్ళు కొయ్యముక్కల్లా అయిపోయాయి. మా ఆవిడ ఫోను పట్టుకుని వచ్చి, మొదటి కాగితం బల్ల అంచుకి జరిపి, నాలుగు మూలలూ చూసింది. ఫొటో తియ్యలేదు. ఫోను పక్కన పెట్టి కళ్ళజోడు కోసం వెతుక్కుంది. అది ఆవిడ నెత్తి మీదే ఉంది. చెప్పాను.

కూర్చుని చదివింది. నేను గోడకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాను. కాగితం తిప్పిన చప్పుడు ఏడుసార్లు వినిపించింది.

"కేసు తేలేసరికి ఎన్నేళ్ళవుతుందండీ?"

"ఏమో. నాలుగైదేళ్ళు. కథే కదా."

"అప్పటికి ఆ పిల్ల కాళ్ళు పెరిగిపోవూ?"

కళ్ళు తెరిచాను. ఆవిడ వెటకారం చెయ్యడం లేదు. నిజంగానే అడుగుతోంది, ఆ పిల్ల మా వీధిలోనే ఉన్నట్టు.

ఫోను మోగింది. ఎడిటరు. మా ఆవిడ తీసింది.

"ఆ, అయిపోయినట్టే బాబూ. ఇంకో అరపేజీ ఉందట," అని పెట్టేసి, ఆఖరి కాగితం నా వైపు జరిపింది. పెన్ను మూత నేను అప్పటికే పెట్టేశాను. తియ్యడానికి వేళ్ళకి బలం చాలలేదు. ఆవిడే తీసిచ్చింది.