నల్లబండ మీద పంతం

ఆ ఇంటి పెద్దకోడలికీ చిన్నకోడలికీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. పొయ్యిలు ఎప్పుడో వేరయ్యాయి, మాటలూ ఆగిపోయాయి. మిగిలిన తగవంతా సముద్రపు ఒడ్డునున్న నల్లబండ గురించే.

నీళ్లు వెనక్కి పోయినప్పుడు ఆ బండ పగుళ్లలో వేలెడంత చేపలు మిగిలిపోతాయి. బండ రంగులోనే ఉంటాయి, అడుగున రాయిని కరుచుకుని కదలకుండా పడుంటాయి. గాలం వేసేవాళ్లు ఎరకోసం వాటినే అడిగి కొంటారు. ఏళ్లుగా అక్కడ పట్టేది పెద్దకోడలే. చిన్నకోడలు కాపురానికి వస్తూనే డబ్బా పట్టుకుని అదే బండ ఎక్కింది.

ఒక ఉదయం చిన్నకోడలు ఒక చేపను తరుముతూ పగులులోకి మోచేతిదాకా చెయ్యి దూర్చింది. పైనున్న రాయి జారి మణికట్టును నొక్కేసింది. ఎంత గుంజినా రాలేదు. కలుగులో చిక్కిన చేప బెదిరి ఆమె వేళ్లనే కొరకసాగింది. ఈలోగా పోటు మొదలైంది. నీళ్లు నడుందాకా వచ్చాక పెద్దకోడలు కనిపించింది, చేతిలో ఇనుపచువ్వతో.

"అక్కా," అని పిలిచింది చిన్నకోడలు.

పెద్దకోడలు వచ్చి వంగి చూసింది. "ఇరుక్కుందా?"

"కనబడట్లేదా? రాయి లేపు."

"లేపుతా. ఇంకెప్పుడూ ఈ బండ ఎక్కనని చెప్పు."

"మీ తాత కట్టించాడా దీన్ని?"

"సరే అయితే." పెద్దకోడలు బండ పైన చతికిలబడింది.

అల వచ్చి చిన్నకోడలి గడ్డాన్ని తాకింది. రెండో అలకు ఉప్పునీళ్లు ముక్కులోకి పోయాయి. దగ్గుతూ తలెత్తి చూస్తే, పైనున్న మనిషి తడవకుండా చీర కుచ్చిళ్లు ఎగదోపుకుంటోంది. ఈమె నిజంగానే నన్ను చావనిస్తుంది అనుకుంది.

"ఎక్కను."

"వినబడలేదు."

"ఎక్కనన్నాగా. నీ బండను నువ్వే కట్టుకుని ఊరేగు."

పెద్దకోడలు చువ్వను రాయి కింద దూర్చి ఒంటి బరువంతా వేసింది. చెయ్యి బయటికొచ్చింది. చిటికెనవేలు విరిగి పక్కకు వాలిపోయింది.

ఇంటికెళ్లి చిన్నకోడలు అందరి ముందూ జరిగింది చెప్పింది. అత్త పెద్దకోడలి వైపు తిరిగింది. "నిజమేనా?"

"నిజమే. ఒప్పుకోకపోతే ఇంకాసేపు కూర్చునేదాన్ని."

పెద్దకోడలి మొగుడు కంచం ముందునుంచి లేచి బయటికి వెళ్లిపోయాడు.

వేలి కట్టు విప్పకముందే చిన్నకోడలు మొగుణ్ని వెంటబెట్టుకుని వేరే వీధిలో అద్దెగదికి మారిపోయింది. మళ్లీ నల్లబండ ఎక్కలేదు. ఇప్పుడు పెద్దకోడలు ఒక్కతే అక్కడ చేపలు పట్టుకుంటోంది. ఎరచేపలకోసం ఒడ్డుకు వచ్చే ఊరి ఆడవాళ్లు దూరం నుంచే ఆమెను చూసి, వెనక్కి తిరిగిపోతున్నారు.