అరిగిన పదకొండు మాటలు

బేతంచెర్లలో బండలకు పాలిష్ పట్టే షెడ్లు ఎన్ని ఉన్నా, ఇటలీ మిషను ఉన్నది మాత్రం ఒక్క షెడ్డులోనే. అదీ ఎవరో వాడి వదిలేస్తే ఓడెక్కి వచ్చిన పాత మిషను. దాంతోపాటు లావుపాటి పుస్తకం ఒకటి వచ్చింది. అక్షరాలు ఇంగ్లీషువే గానీ మాటలు ఇంగ్లీషు కావు. అది మనకెందుకని షెడ్డు యజమాని మిషను నడిపే ఏసేపుకిచ్చేశాడు. పొయ్యిలోకి పోవలసిన ఆ పుస్తకం ఏసేపు కూతురు జ్ఞానమణి చేతిలో పడింది. ఆమె దాన్ని బడిసంచిలో పెట్టుకుపోయి, పక్కన కూర్చునే లక్ష్మీప్రియకు చూపించింది. అప్పుడు ఇద్దరూ ఎనిమిదో తరగతి.

'లవారె' అన్న మాట చూసి జ్ఞానమణి పడీ పడీ నవ్వింది.

"ఓయమ్మో, మిషను లవ్ చేస్తాదంట మే!"

లక్ష్మీప్రియ నవ్వలేదు. మాట పక్కనున్న బొమ్మ చూసింది. బొమ్మలో ఒకాయన పైపు పట్టుకొని మిషను కడుగుతున్నాడు. లవారె అంటే కడగడం. ఇంకో బొమ్మలో ఒకాయన కళ్ళద్దాలు పెట్టుకొని చక్రంకేసి చూస్తున్నాడు. గ్వార్దారె అంటే చూడటం. ఎక్కువ పనులు 'ఆరె' అనే ముగుస్తున్నాయని నాలుగు రోజులకు ఆ పిల్ల కనిపెట్టింది.

దొరికిన మాటలు పాతిక. చాలలేదు. మిగిలినవి ఇద్దరూ కూర్చొని పుట్టించారు. రావడం వెనారె, దించడం మెతారె, నిద్రపోవడం దార్మారె, పాడటం కంతారె. పని నేను చేస్తుంటే చివర 'ఓ', చేసేసి ఉంటే 'ఆతి'. వెనో అంటే వస్తున్నా, వెనాతి అంటే వచ్చా. అన్నిటికీ ఒకటే నియమం. ఆ భాషకు బండీనో అని పేరు పెట్టుకున్నారు. బడిలో ఇంగ్లీషు సారు గో, వెంట్, గాన్ అని బెత్తంతో అప్పజెప్పించుకుంటుంటే, మా భాషలో ఈ బాధ లేదు గదా అని లక్ష్మీప్రియ లోలోపల గర్వపడేది.

పదో తరగతి అయిన ఎండాకాలంలో ఏసేపు నడుము మీద బండ పడింది. మనిషి దక్కాడు గానీ మళ్ళీ మిషను దగ్గర నిలబడలేకపోయాడు. జ్ఞానమణి బడిసంచి కొక్కేనికి తగిలించి, తల్లి రాహేలమ్మ వెంట షెడ్డుకు పోయింది. లక్ష్మీప్రియ ఇంటరులో చేరింది. బండీనో మాత్రం జ్ఞానమణితో షెడ్డుకే పోయింది.

షెడ్డులో మేస్త్రి నరసింహ. ఆడవాళ్ళు నీళ్ళు తాగడానికి ఆగినా ఆయన నోరు ఊరుకోదు. ఆయన వస్తున్నాడనీ, బండ దించమనీ, చూసుకోమనీ జ్ఞానమణి తల్లికి బండీనోలో చెప్పడం మొదలుపెట్టింది. రాహేలమ్మ నుంచి పక్క మిషనుకు పాకింది. ఏడాది తిరిగేసరికి ఆ షెడ్డులో ఏడుగురు ఆడవాళ్ళు ఆ భాషలో మాట్లాడుకుంటున్నారు. "ఏం గొణుగుతాండారే?" అని నరసింహ అరిస్తే, "ప్రార్థన చేసుకుంటాండామన్నా" అనేది రాహేలమ్మ.

రెండో శనివారం కాలేజీ సెలవు. ఆ రోజు లక్ష్మీప్రియ నోటుపుస్తకం తీసుకొని షెడ్డు బయట కానుగచెట్టు కింద కూర్చునేది. మొదటిసారి విన్నప్పుడు ఆమెకు కోపమొచ్చింది. వెనాతి అనాల్సినచోట జ్ఞానమణి 'నాత్' అంటోంది. మెతాతి కాస్తా 'మెత్తి' అయిపోయింది. గ్వార్దాతి అయితే గుర్తు పట్టలేనంతగా 'గాతి' అయింది.

"నియమం తప్పుతాండావు మణీ."

"బండ చేతిలో ఉంటే వెనాతీ గినాతీ అని ఎవుతె అంటాది మే? నా నోరు తిరిగేలోపల నర్సిమ్మన్న వచ్చి నెత్తిన కూచుంటాడు."

లక్ష్మీప్రియకు వాదించడం రాదు. వినడం వచ్చు, రాసుకోవడం వచ్చు. పేజీని రెండుగా గీసి, ఒకపక్క 'మేము పెట్టింది' అనీ, ఇంకోపక్క 'వాళ్ళు అనేది' అనీ రాసుకుంటూ పోయింది. పదమూడు నెలలు రాసింది. మొత్తం నూట అరవై మాటల్లో నియమం తప్పినవి పదకొండు. రావడం, పోవడం, ఇవ్వడం, ఎత్తడం, దించడం, చూడటం, ఉండటం, తాగడం, తోయడం, పట్టుకోవడం, అరవడం. మిగిలినవన్నీ పెట్టినవి పెట్టినట్టే నున్నగా ఉన్నాయి. ఒకరోజు ఆమె ఆ నున్నటి మాటలను వరసగా చదివింది. దార్మారె ఎక్కడా చెదరలేదు. కంతారె చెదరలేదు. ఆడుకోవడం చెదరలేదు. ఆ షెడ్డులో ఎవరికీ ఆ మాటలతో పని పడలేదు.

* * *

కాలేజీలో ఇంగ్లీషు చెప్పే సుదర్శన్ సారు ఆ నోటుపుస్తకం చూసింది 2006 జనవరిలో. డోన్‌లో బట్టల కొట్టు ఉన్న ఇంటివాడు, నెమ్మదస్తుడు. పుస్తకం రెండు రోజులు ఇంట్లో ఉంచుకొని, మూడో రోజు కళ్ళు మెరుస్తుంటే తిరిగిచ్చాడు.

"స్పానిష్, ఇటాలియన్ వరసలో ఉండాది గదమ్మా! ఇది నువ్వే చేస్తివా?"

కర్నూలు పక్కన కల్లూరులో ఒక ట్రస్టు వాళ్ళు ఇంటరు పిల్లలకు ప్రదర్శన పెడుతున్నారు. మొదటి బహుమతి వస్తే కర్నూలులో డిగ్రీ సీటు, మూడేళ్ళ హాస్టలు ఉచితం. సారు ఆమె పేరు పంపించాడు. లక్ష్మీప్రియ తండ్రి పుల్లయ్య మూడెకరాల రైతు. ఆ ఏడు వేరుశనగ గింజ పట్టలేదు. "సీటొస్తే పో. రాకుంటే చదువు ఇంతటితో చాలు. సంబంధాలు చూస్తాం" అని ఒక్క మాటలో తేల్చేశాడు. కాబట్టి ఆ పిల్లకు ఈ చార్టు ఒక్కటే దారి.

ప్రదర్శన రోజు జ్ఞానమణి కూడా బయల్దేరింది. పని ఎగ్గొట్టి వచ్చింది. "నా భాష ఎట్లుందో నేను చూడద్దా?" అంటూ పెళ్ళిళ్ళకు కట్టే పచ్చ చీర కట్టుకుంది.

కల్లూరులో కొత్తగా కట్టిన ఫంక్షన్ హాలు. ముందే వచ్చిన సారు చార్టును గోడకు అంటించి ఉంచాడు. కర్నూలులో కంప్యూటరు మీద కొట్టించి, రంగుల్లో తీయించిన చార్టు. పైన పెద్ద అక్షరాలతో 'బండీనో భాష, సృష్టి: పి. లక్ష్మీప్రియ'. కింద నూట అరవై మాటలు గళ్ళల్లో నిలబడి ఉన్నాయి.

జ్ఞానమణి వేలు పెట్టి ఒక్కో గడీ చదువుకుంటూ పోయింది. వేలు 'వెనాతి' దగ్గర ఆగింది.

"ఇది ఎవురి భాష మే?" అంది మెల్లగా. "మా అమ్మ దీన్ని చూస్తే తనది కాదంటాది."

లక్ష్మీప్రియ సారు వైపు తిరిగింది.

"పదకొండూ సరిచేసినారా సార్?"

"తప్పులు కనపడితే నీకు నియమాలు తెలీవనుకుంటారమ్మా. అందుకే టైపులో నేనే సర్దినా. నీ మంచికే గదా."

"నన్ను అడగకుండా?"

ఆ ప్రశ్నకు ఆమే ఉలిక్కిపడింది. పన్నెండేళ్ళ చదువులో ఏ సారునూ ఎదురు ప్రశ్న అడిగిన పిల్ల కాదు. సారు జేబురుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

పక్క బల్ల మీద సౌరశక్తి పొయ్యి పెట్టిన పిల్లల దగ్గర నల్ల స్కెచ్ పెన్ను ఉంది. లక్ష్మీప్రియ దాన్ని అడిగి తీసుకుంది. చార్టు ముందు నిలబడి వెనాతి కొట్టేసి నాత్ అని రాసింది. మెతాతి కొట్టేసి మెత్తి. "అమ్మా, ఏం పని ఇది, రంగుల చార్టు!" అని సారు అంటూనే ఉన్నాడు. పదకొండూ అయ్యేదాకా ఆమె ఆగలేదు. చివరికి పైకెగిరి అందుకొని, తన పేరు పక్కన 'ఏ. జ్ఞానమణి' అని రాసింది. చెయ్యి అందక ఆ పేరు కొంచెం ఏటవాలుగా వచ్చింది.

"నా పేరెందుకు మే, నేను కాలేజీ గూడా కాదు" అని జ్ఞానమణి కొంగు లాగింది.

"ఊరుకో" అంది లక్ష్మీప్రియ.

హైదరాబాదు నుంచి వచ్చిన న్యాయనిర్ణేత తెల్లజుట్టు పెద్దాయన. వెనక ట్రస్టు మనుషులు ఇద్దరు. ఆయన కళ్ళజోడు సర్దుకొని చార్టు మొత్తం చదివాడు. ఆయనకు అది నచ్చిందని ముఖమే చెప్పింది.

"చాలా బాగుందమ్మా. మరి ఈ కొట్టివేతలేమిటి? నీవు కల్పించిన భాషే కదా. తప్పులుంటే దిద్దుకోవచ్చు."

"తప్పులు కావు సార్. అరిగినాయి."

"అరగడమేమిటి?"

లక్ష్మీప్రియ కళ్ళు దించలేదు.

"మా ఊళ్ళో పాత మెట్లు మధ్యలో గుంట పడి ఉంటాయి సార్. రాయి కోసినోడు తప్పు కోసినాడని ఎవరూ అనరు. శానామంది నడిచినారని అంటారు. మీరు నన్ను 'రా' అని పిలుస్తారు, నేనొస్తే 'వచ్చింది' అంటారు. దాన్నెవరూ దిద్దలేదు గదా. నేను పెట్టినవి నేను పెట్టినట్టే ఉండాయి. వీళ్ళు రోజూ వాడినవి అరిగినాయి."

"వీళ్ళంటే?"

"ఏడుమంది సార్" అంది జ్ఞానమణి ముందుకొచ్చి. "మిషను కాడ మాట్లాడుకుంటాం. ఎనిమిదో ఆమె నేర్చుకుంటాంది, ఆమెకు నోరు మొద్దు."

చుట్టూ ఉన్న పిల్లలు గొల్లున నవ్వారు. పెద్దాయన కూడా నవ్వాడు. ట్రస్టు మనిషి మాత్రం జాబితాలో వేలు పెట్టి చూశాడు.

"ఈ రెండో పేరు మా దగ్గర లేదే. ఏ కాలేజీ?"

"కాలేజీ కాదన్నా, పాలిష్ షెడ్డు" అంది లక్ష్మీప్రియ.

ఆయన ముఖం చిట్లించాడు. విద్యార్థి కానివాళ్ళ పేరుంటే పోటీలో ఉంచడానికి లేదన్నాడు. పెద్దాయన లక్ష్మీప్రియను పక్కకు పిలిచి, ఒక తండ్రిలా నెమ్మదిగా చెప్పాడు. "ఆ పేరు మీద కాగితం ముక్క అంటించమ్మా. నా మార్కుల్లో నీవే ముందున్నావు. పైకొచ్చాక స్నేహితురాలికి ఎంతైనా చేయొచ్చు."

హాలు చివర మైకు సరిచేస్తున్నారు. సుదర్శన్ సారు కాగితం ముక్క, జిగురు సీసా చేతిలో పెట్టుకొని సిద్ధంగా నిలబడ్డాడు. లక్ష్మీప్రియకు తండ్రి మాట గుర్తొచ్చింది. మూడేళ్ళ హాస్టలు, డిగ్రీ పుస్తకాలు గుర్తొచ్చాయి. తర్వాత రాహేలమ్మ గుర్తొచ్చింది. ఆమె మిషను హోరులో బండ ఇవతలి కొస పట్టుకొని, అవతలి కొసనున్న మనిషి వేళ్ళు నలగకుండా చూసుకున్నానని "గాతి! గాతి!" అని కేక వేసేది.

"అంటించను సార్" అంది.

"ఆలోచించుకో."

"పదమూడు నెలలు ఆలోచించినా సార్. ఈ పదకొండు మాటలూ ఈమె పేరూ లేకుంటే ఇది భాష కాదు, పట్టిక. దానికి బహుమతి నాకొద్దు."

తనే పోయి చార్టు నాలుగు మూలలా ఊడదీసింది. ఒక మూల గోడకే అతుక్కొని చిరిగింది. మిగతాది చుట్టి జ్ఞానమణి చంకలో పెట్టింది. వాళ్ళు మెట్లు దిగుతుంటే లోపల మైకులో మొదటి బహుమతికి సౌరశక్తి పొయ్యి పిల్లల పేర్లు వినపడ్డాయి.

* * *

బేతంచెర్ల బస్సులో జ్ఞానమణి కిటికీ పక్కన కూర్చొని దారంతా తిట్టింది.

"పిచ్చిదానా! నా పేరుకు కాగితం అంటిస్తే నాకు ఊపిరాడదా? సీటు పాయ. మీ నాయన రేపే పెళ్ళిచూపులంటాడు. ఏం చేస్తావిప్పుడు?"

"నాయనతో నేను మాట్లాడుకుంటా. పెళ్ళి చేసుకోనంటా. ఇంట్లో ఉండి ప్రైవేటుగా బీఏ కడతా."

"నువ్వా? మీ నాయనతోనా?"

"ఈరోజు ముగ్గురితో మాట్లాడినా గదా."

జ్ఞానమణి ఆమెను ఎగాదిగా చూసి, బొరుగుల ఉగ్గాని పొట్లం విప్పింది.

ముందు సీటులో సుదర్శన్ సారు కూర్చొని ఉన్నాడు. ఎక్కినప్పటినుంచి వెనక్కి తిరగలేదు. ఓర్వకల్లు దాటి, రోడ్డుకు రెండుపక్కలా రాతిగుట్టలు మొదలయ్యాక తిరిగాడు.

"ఏమ్మా జ్ఞానమణీ" అన్నాడు. ఆ పేరు పెట్టి ఆయన పిలవడం అదే మొదటిసారి. "క్షమించడానికి మీ భాషలో ఏమంటారు?"

జ్ఞానమణి నోట్లో ముద్ద పూర్తిగా నమిలి మింగింది.

"లేదు సార్. షెడ్డులో ఆ పని ఇంకా ఎవురికీ పడలేదు" అంది. "పడినప్పుడు మాట పుడతాది. మీరు తొందరపడి పెట్టొద్దండి."

సారు తలూపాడు. ఆయన బాధపడ్డాడని లక్ష్మీప్రియకు తెలుసు. అయినా జ్ఞానమణి అన్న మాటను సర్దలేదు. పొట్లం మాత్రం ఆయన వైపు జరిపింది.