జట్టు వెంట వచ్చిన సముద్రం

ఆమె ప్రతిరోజూ పొద్దున ఏడింటికల్లా ఇంట్లోంచి బయల్దేరేది. చేతిసంచిలో పన్నెండు ఖాళీ సీసాలుండేవి. ఒక్కో వీధి కుళాయి దగ్గర ఆగి, నీళ్ళు కాసేపు పారనిచ్చి, సీసా నింపి మూత బిగించి, మూత మీద వీధి పేరు రాసుకునేది. నీళ్ళ ఆఫీసులో మెట్ల కింద చిన్న గది ఆమెది. అక్కడ సీసాలన్నీ వరసగా పేర్చి, ఒక్కోదాంట్లో మందు చుక్క వేసి, కిటికీ వెలుగుకి ఎత్తి చూసేది. ఉప్పు ఎక్కువైతే నీళ్ళు పాలు పోసినట్టు తెల్లబడతాయి. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో అలా తెల్లబడ్డ నీళ్ళని ఆమె ఒక్కసారీ చూడలేదు. ఆ ఊరికి సముద్రం బస్సులో పన్నెండు గంటల దూరం.

ఆమె అన్నయ్య బస్సు డిపోలో కంట్రోలర్. పొద్దస్తమానం ఈల వేసి బస్సుల్ని పంపిస్తుంటాడు కాబట్టి ఊరంతా ఆయన్ని ఈల మాస్టారనేది. ముప్ఫై ఏళ్ళుగా ఆయనకి ఒకటే పిచ్చి, ఊరికో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టు కావాలని. పెళ్ళిచూపులకి వెళ్ళిన చోట కూడా చెవి దగ్గర రేడియో పెట్టుకుని స్కోరు వింటుంటే, పిల్ల తండ్రి ఇక దయచేయమన్నాడట. ఆ తర్వాత ఆయన పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు. అన్నాచెల్లెళ్ళిద్దరే డిపో వెనక మేడలో ఉండేవారు.

లీగ్‌లోకి కొత్త జట్లని తీసుకోరు. ఎవరైనా తమ జట్టుని వదులుకుంటేనే ఇంకో ఊరికి దక్కుతుంది. సముద్రం ఒడ్డున ఒక పాత రేవు పట్నం ఉంది. ఓడలు రావడం మానేశాక అక్కడ జనం పల్చబడ్డారు. వాళ్ళు జట్టుని ఇచ్చేస్తారని తెలియగానే మాస్టారు ఎనభై వేల మంది సంతకాల కట్ట చంకన పెట్టుకుని, డిపో బస్సొకటి వేసుకుని వెళ్ళాడు. నాలుగో రోజు ఆటగాళ్ళతో సహా తిరిగొచ్చాడు. ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంది.

"వాళ్ళు అడ్డు చెప్పలేదా అన్నయ్యా?" అని అడిగింది చెల్లెలు.

"లేదే. బస్సు మలుపు తిరిగేదాకా అందరూ నిలబడే ఉన్నారు. ఒక్కళ్ళూ చెయ్యి మాత్రం ఊపలేదు. ఊపిరి బిగబట్టుకున్నట్టు..." అని, ఆ మాట సగంలో వదిలేసి, "స్నానానికి నీళ్ళు పెట్టు" అన్నాడు.

ఆటగాళ్ళని తలా ఒక ఇంట్లో సర్దారు. గోల్‌కీపర్‌కి వీళ్ళ మేడ మీది గది ఇచ్చారు. నలభైకి దగ్గరపడ్డ మనిషి, గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత పొడుగు, మాట తక్కువ. అతను ఎక్కిన మెట్లన్నిటి మీదా తడి అడుగులు పడేవి. ఎండాక అక్కడ తెల్లటి ఉప్పు మిగిలేది. ఆమె రోజూ సాయంత్రం ఇల్లు తుడిచేటప్పుడు ఆ మెట్లు కూడా తుడిచేది.

మూడో వారం మొదటి మ్యాచ్. విజిల్‌కి పది నిమిషాల ముందు సముద్రం వచ్చింది. ఏ దారిన వచ్చిందని ఎవరూ అడగలేదు. తూర్పు గ్యాలరీలో మొదటి వరస కుర్చీల్లోకి నీళ్ళు చేరి, అంచు దాటకుండా నిలబడ్డాయి. గేటు మనిషి, "ఆ వరస నిండిపోయిందండీ, వెనక్కి జరగండి, వెనక్కి" అంటూ జనాన్ని సర్దాడు. ఆట సాగినంతసేపూ ఒక్క అల కదల్లేదు. మనవాళ్ళు ఒక గోల్ తేడాతో ఓడిపోయారు. నీళ్ళు నెమ్మదిగా ఇంకిపోయాయి.

ఆ సోమవారం స్టేడియం వీధి సీసా తెల్లబడింది. తర్వాతి వారానికి నాలుగు సీసాలు. సిగ్నల్ స్తంభాల మీద సముద్రపు కొంగలు వాలి, ఎర్రదీపం పడ్డప్పుడల్లా అరిచేవి. పేపర్లో బస్సు టైముల కింద ఆటుపోట్ల టైములు వేయడం మొదలుపెట్టారు.

లీగ్ నుంచి తనిఖీకి వస్తున్నారని తెలిసిన రోజు మాస్టారు చెల్లెలి ఆఫీసుకి వచ్చాడు. మెట్ల కింద గదిలో నడుం వంచి నిలబడ్డాడు.

"నీళ్ళు బాగున్నాయని కాగితం కావాలట. రాసిచ్చెయ్యమ్మా."

"ఇటు చూడన్నయ్యా. ఇవి నీళ్ళా, మజ్జిగా?"

"ఈ ఒక్కసారికే. కాగితం లేకపోతే జట్టుని ఇంకో ఊరికిచ్చేస్తారు. ముప్ఫై ఏళ్ళ కలే ఇది!"

ఆమె చాలాసేపు కలం మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. చివరికి రాసిచ్చింది.

జట్టు ఓడుతూనే ఉంది, మధ్యలో ఎప్పుడైనా డ్రా. ఊళ్ళో వాళ్ళు గొణుక్కున్నారు. "ఏరి కోరి తెచ్చుకున్నాం, కాళ్ళకి బదులు కర్రలున్నట్టున్నాయి" అని టీ కొట్ల దగ్గర నవ్వుకున్నారు. అలాంటప్పుడు, జట్టులో కొత్తగా చేరిన ఈ ఊరి స్ట్రైకర్ ఒక శనివారం ఆఖరి నిమిషంలో గోల్ కొట్టాడు. మొదటి గెలుపు.

స్టేడియం ఒక్కసారిగా లేచి నిలబడింది. సముద్రం కూడా లేచింది. మూడు వరసలు దాటి ఎగిరి, గోడ అవతల పల్లపు వీధుల్లో పడింది. రెండు నిమిషాల్లో సర్దుకుని తన వరసలోకి వచ్చి కూర్చుంది.

పల్లపు వీధి చివర చెప్పులు కుట్టే ముసలాయన కొట్టు ఉండేది. జట్టు బూట్లన్నిటికీ అడుగులు కుట్టింది ఆయనే. కొట్టు ఉంది, చెక్కలో గుచ్చిన తోలు కుట్టే ఆర ఉంది, ఆయన లేడు. జనం కాసేపు కొట్టు ముందు నిలబడి ఎవరి పనికి వాళ్ళు వెళ్ళారు. మర్నాడు పేపర్లో మొదటి పేజీ నిండా గెలుపు ఫొటో పడింది. ఆయన ఫొటో ఆరో పేజీలో వేశారు.

ఆమె ఆ పేపరు పట్టుకుని మేడెక్కింది. గోల్‌కీపర్ వేళ్ళకి పట్టీలు చుట్టుకుంటున్నాడు.

"ఇలా అవుతుందని నీకు తెలుసు కదూ?"

అతను తల ఎత్తలేదు. "తెలుసక్కా. మా స్టేడియం ఒడ్డునే. అరవై ఏళ్ళలో సముద్రం ఒక్క ఆట మానలేదు. మేం ఓడితే ఊరుకుంటుంది. డ్రా అయినా ఊరుకుంటుంది. గెలిస్తే మాత్రం దాని ఒళ్ళు దానికి తెలీదు. మేం కప్పు గెలిచిన ఏడు రెండు వీధులు పట్టుకుపోయింది. మా నాన్న ఇల్లు అందులో రెండో వీధిలో. అప్పట్నుంచి మేం గెలవడం మానేశాం."

"మరి ఆ స్ట్రైకర్‌కి చెప్పకపోయావా?"

"చెప్పొద్దన్నారు."

"ఎవరు?"

అతను పట్టీ కొస పంటితో తెంపాడు. "బస్సెక్కేముందే మాస్టారికంతా చెప్పానక్కా."

ఆమె మెట్లు దిగి వచ్చేసరికి అన్నయ్య వరండాలో రేడియో తుడుచుకుంటున్నాడు. చెల్లెలి మొహం చూసి గుడ్డ పక్కన పెట్టాడు.

"అంత దూరం రాదనుకున్నానే," అన్నాడు.

"వచ్చింది కదా! వచ్చాకైనా చెప్పాలి కదా!"

"మొదటి వరసలో బుద్ధిగా కూర్చుంది. కూర్చుంటే కూర్చోనీ, మనకి ఒక ప్రేక్షకుడు పెరిగాడనుకున్నాను." ఆయన రేడియో ఒళ్ళోకి తీసుకున్నాడు. "ఆ ముసలాయన ప్రతి మ్యాచ్‌కీ నాకు పక్క సీటు పట్టి ఉంచేవాడు. ఆ శనివారమే కొట్లో పనుందని రాలేదు."

ఇంక ఒకే మ్యాచ్ మిగిలింది. అది గెలవకపోతే జట్టు అట్టడుగున మిగులుతుంది. అట్టడుగు జట్టుని లీగ్ వెనక్కి తీసేసుకుంటుంది. ఊరంతా గోడల మీద ఒకటే రాత, గెలవాలి అని. స్ట్రైకర్ ఎక్కడ కనిపిస్తే అక్కడ భుజాలకెత్తుకున్నారు.

ఈసారి ఆమె ఎవర్నీ అడగలేదు. ఆఫీసు కాగితం మీద నోటీసు రాసి, తనే సంతకం పెట్టి, పల్లపు వీధుల్లో ప్రతి కుళాయికీ అంటించింది. శనివారం నాలుగు గంటల లోపల అందరూ ఇళ్ళు ఖాళీ చేసి గుట్ట మీద స్కూలుకి వెళ్ళాలి, నీళ్ళు బాగాలేవు, అంతే. మేయర్ మండిపడ్డాడు. "పండగలాంటి రోజు జనాన్ని బెదరగొడతావా?" అని ఫోన్‌లో కేకలేశాడు. ఆ నోటీసులు చింపించమని ఈల మాస్టారికి కబురు పెట్టాడు.

మాస్టారు ఒక నోటీసు దగ్గర నిలబడి రెండుసార్లు చదివాడు. చింపలేదు. డిపోకి వెళ్ళి ఈల అందుకున్నాడు. శనివారం మధ్యాహ్నం నలభై బస్సులు వరసకట్టి పల్లపు వీధుల్లోకి దిగాయి. మంచాలతో, కుట్టుమిషన్లతో, పిల్లుల బుట్టలతో జనం ఎక్కారు. మూడున్నరకి ఆ వీధుల్లో మనిషి లేడు. అంత చేసినవాడు, ఓడిపొమ్మని మాత్రం జట్టుకి చెప్పలేకపోయాడు.

ఆ రోజు సముద్రం మూడు వరసలు పట్టింది. తొంభై నిమిషాల్లో గోల్‌కీపర్ తొమ్మిది బంతులు ఆపాడు. ఆపిన ప్రతిసారీ నీళ్ళ వైపు ఓ చూపు చూసేవాడు. చివర్లో స్ట్రైకర్ ఎడమ పక్కనుంచి దూసుకెళ్ళి కొట్టాడు. వల ఊగింది. వేలమంది ఒక్క గొంతుతో అరిచారు. మాస్టారొక్కడే సీట్లోంచి లేవలేదు.

సముద్రం లేచింది. ఈసారి ఆగలేదు. పల్లపు వీధులు గోడలతో సహా కూలాయి. నీళ్ళ ఆఫీసు మెట్లదాకా మునిగింది. గ్యాలరీలో జనం ఒక్కో వరసా పైకి జరుగుతూ పోయారు. నీళ్ళు నవ్వుతున్నట్టు చప్పుడు చేస్తూ వాళ్ళ వెనకే ఎక్కాయి.

గోల్‌కీపర్ గ్లవ్స్ తీసేశాడు. "నేను వెళ్తాను మాస్టారూ. ఎవరో ఒకరు వెనక్కి నడిస్తే అదీ వెనకే వస్తుంది."

"నువ్వు వెళ్తే గోల్‌లో ఎవరు నిలబడతారు?"

"అది మా కోసం వచ్చింది."

"కాదు. ఆట కోసం వచ్చింది. ఆట గురించి నా అంత వాగేవాడు ఈ ఊళ్ళో ఇంకొకడున్నాడా చెప్పు?"

ఆయన ప్యాంటు మడిచి మోకాలిలోతు నీళ్ళలోకి దిగాడు. చెల్లెలు సంచి ఎత్తి పట్టుకుని పరుగున వచ్చింది. గుట్ట మీది బావిలో నింపిన సీసాలవి, ఒక్కటీ తెల్లబడనివి. "దారిలో తాగడానికి" అంది. ఆయన సంచి భుజాన వేసుకున్నాడు.

"జాగ్రత్తే. మ్యాచ్‌లు మానకు," అని, నీళ్ళ వైపు తిరిగి, రోజూ టీ కొట్లో చెప్పేటట్టే మొదలుపెట్టాడు. "అసలు మొదటి పది నిమిషాల్లోనే మనకో గోల్ రావాల్సింది, ఏమైందంటే..."

నీళ్ళ చప్పుడు ఆగింది. ఆయన మాట్లాడుకుంటూ తూర్పు గేటు దాటాడు. సముద్రం మెల్లగా గ్యాలరీ దిగి, ఆయన వెనకే రోడ్డెక్కింది. పన్నెండు గంటల బస్సు దారి ఆయన నడకకి పంతొమ్మిది రోజులు పట్టింది. ఎదురొచ్చిన డిపో బస్సులు పక్కకి ఆగి దారిచ్చాయి. ఎప్పుడు చూసినా మాస్టారు ఏదో ఒక మ్యాచ్ చెబుతూనే ఉన్నాడని డ్రైవర్లన్నారు.

అలా ఊరికి జట్టు మిగిలింది. మూడో ఏడు కప్పు ఫైనల్‌కి కూడా చేరింది. ఆ శనివారం ఊరంతా స్టేడియంలో ఉంటే, ఆమె రేవు పట్నంలో బస్సు దిగింది.

పాత స్టేడియంలో గడ్డి నడుం ఎత్తు పెరిగింది. మాస్టారు ఒడ్డువైపు మెట్ల మీద ఒక్కడే కూర్చుని, రేడియో చెవికి ఆనించుకుని ఉన్నాడు. చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది. ఇంటికి రమ్మని ఆమె అడగలేదు. కిందటి ఏడు ఒకసారి రైలెక్కబోతే సముద్రం ప్లాట్‌ఫారం దాకా వచ్చిందని ఉత్తరం రాశాడు.

రేడియోలో ఒక్కసారిగా, ఆ రోజు వల ఊగినప్పటిలాంటి హోరు పుట్టింది. ఆమెకి మాటలు అందలేదుగానీ, అన్నయ్య మెడ నరాలు బిగుసుకోవడం కనిపించింది. ఆయన రేడియో కట్టేశాడు. తర్వాత లేచి, రెయిలింగ్ పట్టుకుని, నీళ్ళకి చెప్పాడు.

"పోయింది. రెండు గోల్స్ తేడాతో ఓడిపోయారు."

సముద్రం చదునైపోయింది. రెండు మెట్లు కిందికి దిగింది.

ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. చెల్లెలి చెవి దగ్గరికి వంగి, ఊపిరంత గొంతుతో అడిగాడు. "పోయిన వారం సెమీస్ నువ్వు చూశావు కదా? మన స్ట్రైకర్ ఎలా కొట్టాడే?"

ఆమె ఆయన అరచెయ్యి విప్పి, మాట లేకుండా, వేలితో గీసి చూపించింది. ఎడమ అంచునుంచి ఇలా వచ్చాడు, ఇక్కడ ఒకణ్ణి తప్పించాడు, ఇక్కణ్ణుంచి మూలకి కొట్టాడు. మాస్టారు ఆ అరచేతిలోకే చూస్తున్నాడు. మూడేళ్ళలో మొదటిసారి ఆయన పెదాలు విడుతున్నాయి, నవ్వు కళ్ళదాకా వస్తోంది.

కింద నీళ్ళు ఒక మెట్టు ఎక్కాయి.

ఆయన గుప్పిట మూసేశాడు. "ఓడిపోయారు," అన్నాడు పైకి. "చాలా ఘోరంగా ఓడిపోయారు."

నీళ్ళు దిగలేదు. ఆ మెట్టు మీదే ఆగి వింటున్నాయి. రోడ్డు మీద ఆమె ఎక్కాల్సిన బస్సు రెండుసార్లు హారన్ కొట్టింది. ఇద్దరూ కదల్లేదు.