చుక్క మెడలో గంట

సినిమా బాగుంటే నాగేంద్ర మూడుసార్లు గంట కొడతాడు. ఒకసారి చూడొచ్చు అనిపిస్తే రెండుసార్లు. టికెట్టు దండగైతే ఒక్కసారి కొట్టి కెమెరా వైపు జాలిగా చూస్తాడు. వారమంతా కంభంలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో తల వంచుకుని పనిచేసే మనిషి, ఆదివారం వచ్చేసరికి అర్ధవీడులో తమ మిద్దె మీది గదిలో కూర్చుని, ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి, పెద్ద పెద్ద డైరెక్టర్లను నిలబెట్టి కడిగేస్తాడు. ఆ కడుగుడు చూడ్డానికి కొన్ని వేలమంది ఎదురుచూస్తారు మరి.

ఆ గంట మాత్రం అతనిది కాదు. దొడ్లో చుక్క అనే ముసలి మేక ఉంది, దాని మెడలోది. చుక్క ఎటు నడిస్తే మంద అటు నడుస్తుంది. గంట ఎటు మోగితే నాయన అంకన్న అటు నడుస్తాడు. అంకన్న చూపు సోడాబుడ్డి అద్దాల మీద ఆధారపడి ఉంది. అవి తీస్తే వెలుగూ నీడా తప్ప మరేం తెలియదు. అందుకే నాగేంద్ర శనివారం రాత్రే గంట విప్పి తెచ్చుకున్నా, ఆదివారం మేకలు దొడ్డి దాటకముందే వీడియో ముగించి మళ్లీ కట్టేసేవాడు. ఈసారి గిద్దలూరు వెళ్లి సెకండ్ షో చూసి వచ్చాడు కదా, బారెడు పొద్దెక్కాక లేచాడు. అప్పటికే నాయన మందను తోలుకుని కొండకు వెళ్లిపోయాడు.

"గంట కట్టినావా దానికి?" అని అడిగింది తల్లి శేషమ్మ.

"సాయంత్రం కడతాలేమ్మా, ఒక్కపూటకు ఏమైతది," అంటూ మిద్దె ఎక్కేశాడు. తిండి తిని, తల దువ్వుకుని, తీరిగ్గా రికార్డింగు మొదలుపెట్టేసరికి మధ్యాహ్నం దాటింది.

"క్లైమాక్స్‌లో హీరోయిన్ అడవిలో తప్పిపోతుందండీ," అన్నాడు కెమెరాతో. "ఫోన్ తీస్తుంది. ఏమవుతుంది? సిగ్నల్ పోతుంది! మన రచయితలకు కథ నడపడం చేతగానప్పుడల్లా పాపం టవర్ మీద పడతారు. అక్షరాల ఆటల్లో ఇలాంటి మోసం కుదరదు."

అక్షరాల ఆటలంటే అతనికి ప్రాణం. బొమ్మలుండవు, పాటలుండవు. నల్లటి తెర మీద 'మీరు గుహలో ఉన్నారు, ఎడమవైపు సన్నని దారి ఉంది' అని రాసి ఉంటుంది. ఏం చేయాలో మనం టైపు చేయాలి. అలాంటిది తెలుగులో తనే ఒకటి రాశాడు కూడా. ఒకరోజు నాయన వెనక నిలబడి కాసేపు చూసి, "మిషను చెడిపోయిందేమిరా, బొమ్మ రావటంలా?" అని అడిగి వెళ్లిపోయాడు.

"ఆటగాడికి కావలసిన వస్తువు ఎక్కడో ఒకచోట అందేలా పెట్టాలి. అది పెట్టకుండా అతన్ని చంపేస్తే..." అంటుండగా తెర మీద 'నాయన' అని వెలిగింది. మంచి వాక్యం మధ్యలో. విసుక్కుంటూ కాల్ కట్ చేశాడు. గొంతు సవరించుకుని ఆ వాక్యాన్నే మళ్లీ మొదలుపెట్టాడు.

మళ్లీ మోగింది. అంకన్న వెంటవెంటనే రెండుసార్లు ఫోన్ చేసే రకం కాదు.

"ఏంది నాయనా, రికార్డింగులో ఉండా."

అవతల పెద్ద హోరు. "ఒరే, అద్దాలు పోయినాయిరా. వాగు దాటతా కాలు జారి పడినా. ఇసకలో తడుముతుంటే నీళ్లొచ్చినాయి. మోకాటిదాకా వచ్చినాయి."

నాగేంద్ర కిటికీలోంచి చూశాడు. ఊళ్లో చినుకు లేదు. కొండల మీద మాత్రం ఆకాశం నల్లగా దిగిపోయి ఉంది. ఆ వాగు సంగతి ఊరందరికీ తెలుసు. పైన వాన పడితే కింద ఎండలోనే వచ్చి పడుతుంది.

"ముందు గట్టెక్కు నాయనా!"

"ఎక్కాలంటే కనపడొద్దా? రెండు పక్కలా నిట్టనిలువు బండ. మేకలు ఎక్కిన సందు ఒకటే ఉండేది. పడినప్పుడు తిరగబడిపోయినా. అది యాడుందో తెలీటంలా."

భయమేస్తోందని అనలేదు. అనే మనిషి కాదు. కానీ ఆ గొంతు నాగేంద్ర ఎన్నడూ విననిది. ఫోన్ చెవిన పెట్టుకునే కిందికి కేకేశాడు. పక్కింట్లో ఉండే బాబాయి కొడుకు అశోక్ అప్పటికప్పుడు బండి తీశాడు. బండి పోయేది కొండ మొదలుదాకానే. అక్కణ్ణుంచి రాళ్లలో పడి నడవాలి. అంతసేపు వాగు ఆగదు.

ఏం అడగాలో తోచక, ఆటలో ఆటగాణ్ణి అడిగే మాటే నోట్లోంచి వచ్చేసింది. "నాయనా, నీ దగ్గర ఏమేం ఉండాయి?"

"ఇది నీ ఆట కాదురా!"

"చెప్పు నాయనా, నీకు దండం పెడతా."

"కర్ర పోయింది. గొంగడుంది. సద్ది సంచి ఉంది. ఈ ఫోనుంది."

"ఏం వినపడతంది?"

"నీళ్లు. ఇంకేంది వినపడేది? మేకలు పైకెక్కి యాడనో నక్కినాయి. గంట మోగితే సందు ఎటుందో పట్టుకునేవాణ్ణి. పొద్దున్నుంచీ మోగటంలా. తాడు తెగి యాడనో పడిపోయిందేమో. పోతా పోతా వెతుకుదామనుకున్నా."

గంట బల్ల మీద ఉంది. తుడిచి, మెరిసేలా, కెమెరాకు బాగా కనపడేలా పెట్టి ఉంది. ఆటగాడికి కావలసిన వస్తువు అందకుండా దాచేసినవాణ్ణి ఇందాకే ఎన్ని మాటలన్నాడు!

"నాయనా, గంట నా దగ్గరే ఉంది."

తిడతాడనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"నడుం దాకా వస్తున్నాయిరా," అన్నాడు అంకన్న.

"ఫోన్లో పాటలు వినేటప్పుడు నొక్కుతావే, ఆ మధ్య బటను నొక్కు. నొక్కి చెయ్యి పైకెత్తి పట్టుకో." ఆ ఫోన్ నాగేంద్ర కొనిచ్చిందే. పాట పెడితే వీధి చివరిదాకా గోల చేసే రకం. దాని గోల గురించి శేషమ్మ రోజూ శాపనార్థాలు పెడుతుంది. ఇప్పుడా గోలే కావాలి, గంట విని చుక్క బదులు అరిస్తే సందు ఎటుందో తెలుస్తుంది.

గంట ఎత్తి ఫోన్ దగ్గర టంగు టంగుమని కొట్టాడు. ఆగి విన్నాడు. మళ్లీ కొట్టాడు. హోరు తప్ప మేక చప్పుడు లేదు.

"అట్ల కాదురా!" అంకన్న అరిచాడు. "గుళ్లో కొట్టినట్టు కొడతావేంది? దానికేం తెలస్తది? మేక నడిచినట్టు మోగాల!"

మేక నడిచినట్టు. ఎన్నో ఆదివారాలు ఆ గంట కొట్టాడు గానీ, అది మేక మెడలో ఎలా మోగుతుందో చేతికి తెలియదు. ఊపి చూశాడు, కుదరలేదు. ఇక ఆలోచించలేదు. తాడు తన మెడకే కట్టుకున్నాడు. ఫోన్‌ను రొమ్ము దగ్గర పట్టుకుని, తల ముందుకు వంచి గదిలో గునగునా నడిచాడు. నాలుగడుగులు వేసి ఆగాడు, తల విదిలించాడు, మళ్లీ నడిచాడు. చిన్నప్పుడు నాయన వెంట కొండకు పోయిన రోజుల్లో విన్న చప్పుడు అది. వెంటవెంటనే రెండు దెబ్బలు, తర్వాత ఒకటి, తర్వాత ఏమీ లేదు, మళ్లీ గబగబా మూడు. శేషమ్మ మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. కొడుక్కు మతిపోయిందనుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఫోన్లో సన్నగా, ఎక్కడో దూరంగా, మేక అరుపు.

"అరిచింది! చుక్కే! ఆపొద్దురా, నడూ... కుడి పక్కన... దిగతా ఉంది..."

అంతే. చప్పుడు ఆగిపోయింది. మళ్లీ చేశాడు. మీరు డయల్ చేసిన నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదు. మళ్లీ చేశాడు. అందుబాటులో లేదు. సిగ్నల్ పోయిందో, ఫోన్ నీళ్లలో పడిందో, మనిషే పడ్డాడో. వాన మబ్బు ఇప్పుడు ఊరి మీదికి వచ్చి గది మసకబారింది.

నాగేంద్ర గంట విప్పలేదు. నడక ఆపలేదు.

"ఎవరికి వినపడాలని నడుస్తున్నావురా?" శేషమ్మ ఏడుస్తూ అడిగింది.

"ఆపొద్దన్నాడమ్మా," అన్నాడు. ఇంకేం మాట్లాడినా తనూ ఏడుస్తాడని తెలుసు. తాడు రాసుకుని మెడ మండుతున్నా గది ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూనే ఉన్నాడు. మధ్యమధ్య నంబరు నొక్కి చూస్తూనే ఉన్నాడు. అశోక్ ఫోన్ కూడా కలవలేదు.

దీపాలు పెట్టే వేళకు వీధిలో మేకల అరుపులు వినపడ్డాయి. మెట్ల మీద ఎలా దిగాడో అతనికే తెలియదు. ముందు చుక్క, దాని కొమ్ము పట్టుకుని అంకన్న, తడిసిన గొంగడి ఒంటికి అతుక్కుని, మోచేతుల నిండా నెత్తురు. వెనక బండి నెట్టుకుంటూ అశోక్.

అంకన్న ఠక్కున ఆగి తల ఎత్తాడు. ఎదురుగా గంట మోగుతోంది.

"ఇదేందిరా అశోకూ? చుక్క నా చేతిలోనే ఉంది గదా, గంట ముందర మోగతంది?"

చెయ్యి చాచి తడిమాడు. ముందు గంట తగిలింది, తర్వాత తాడు, ఆ పైన కొడుకు మెడ, తడిసిన చెంపలు. ఆ చెయ్యి అక్కడే చాలాసేపు ఉండిపోయింది.

"దీనికి కట్టమంటే నువ్వు కట్టుకున్నావేందిరా," అన్నాడు మెల్లగా.

నాగేంద్ర నాయన భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు. అంకన్న వేళ్లతో తడుముతూ ముడి విప్పి, వంగి, చుక్క మెడ వెతుక్కుని గంట కట్టాడు. లాగి చూసుకుని ఇంకో ముడి వేశాడు. "సినిమాలకు పళ్లెం కొట్టుకో," అన్నాడు.

మరుసటి ఆదివారం వీడియోలో నాగేంద్ర చేతిలో అన్నం తినే పళ్లెమూ గరిటే ఉన్నాయి. గంట ఏదని జనం కామెంట్లలో గోల చేశారు. పనిలోకి పోయిందని చెప్పాడు.

"పోయిన వారం సినిమా సంగతి," అన్నాడు. "సిగ్నల్ పోయే సీను. అది బాగానే తీశారండీ. నాకే అప్పుడు తెలియలేదు."

పళ్లెం కొట్టబోయి ఆగాడు. కింద వీధిలో చుక్క నడుస్తోంది. రెండు, తర్వాత ఒకటి, తర్వాత గబగబా మూడు. ఆ చప్పుడు కొండదారి పట్టేదాకా, రికార్డింగు నడుస్తుండగానే, అలా వింటూ కూర్చున్నాడు.