ఫోన్ చేయని తనిఖీ

నియంత్రణ కార్యాలయంలో కుర్చీలకు అంటుకుపోయిన పెద్దలారా, దొంగకి ఫోన్ చేసి "రేపొస్తున్నాం, ఇంట్లోనే ఉంటారుగా?" అని అడిగే పోలీసులు మీరు. పైప్‌లైన్ కంపెనీ యజమానులారా, ఆ ఫోన్ ఎత్తి "రండి రండి, అన్నీ సర్దిపెడతాం" అనే దొంగలు మీరు. మీ ఇద్దరి మర్యాదల మధ్య ఒక వీధి కింద ఇనుము కరిగిపోతోంది. ఆ ఇనుము లోపల పెట్రోలు పారుతోంది. ఆ వీధి మీద పొయ్యిలు వెలుగుతున్నాయి.

ఏం జరిగిందో చెబుతాను. విన్నాక మొహం ఎటు తిప్పుకుంటారో మీ ఇష్టం.

ఆ వీధిలో ఒక టైర్ల కొట్టు ఉంది. యజమానిని వీధంతా గాలోడు అంటుంది. గాలి కొడతాడు, గాలి కబుర్లూ చెబుతాడు. కొట్టు ముందు మోకాలెత్తు ఇనప డబ్బా ఒకటి పాతి ఉంటుంది. కింద పోయే గొట్టానికి తగిలించిన తీగ ఆ డబ్బాలోకి వస్తుంది. గొట్టం భద్రంగా ఉందో లేదో కొలిచేది అక్కడే. డబ్బాకి తాళం. తాళంచెవి కంపెనీ దగ్గర. అందుకే తనిఖీకి వెళ్లాలంటే ముందు కంపెనీకి ఫోన్ చెయ్యాలి. ఎన్నో ఏళ్లుగా అదే పద్ధతి. దాంట్లో తప్పుందని ఒక్కరికీ తట్టలేదు. తట్టినా నోరు మెదపలేదు.

ఆ రోజు పొద్దున ఒక లారీ వెనక్కి వస్తూ డబ్బాని గుద్దింది. మూత ఊడి పక్కన పడింది. డబ్బా మీద రాసున్న నంబరుకి గాలోడు ఫోన్ చేశాడు. నియంత్రణ కార్యాలయంలో ఆ ఫోన్ ఎత్తింది ఇన్‌స్పెక్టరమ్మ. కంపెనీకి చెప్పి ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. మీటరు సంచీ భుజాన వేసుకుని తనే వచ్చింది.

"డబ్బా మేడమ్ మీరేనా? దీన్ని పీకి ఆ మూలకి జరిపించండి మేడమ్. వచ్చే బండీ పోయే బండీ దీనికే తగులుతోంది," అన్నాడు గాలోడు.

"ఇది జరగదు. కింద గొట్టం జరిగితే అప్పుడు జరుగుతుంది. కాసిని నీళ్లిస్తావా?"

పంక్చర్లు చూసే తొట్టిలోంచి చెంబుడు నీళ్లు తెచ్చాడు. ఆవిడ డబ్బా పక్కన మట్టి మీద పోసింది. పక్కనే టీ కొట్టు నడిపే గాలోడి భార్య నవ్వింది.

"మొలకొస్తుందా మేడమ్?"

"మట్టి తడిగా ఉంటేనే మీటరు నిజం చెబుతుందమ్మా. ఎండు మట్టిలో అదీ అబద్ధాలాడుతుంది."

తడిమట్టిలో నీలిరంగు మందున్న చిన్న కొలత నాళిక గుచ్చింది. ఒక తీగ దానికి, ఒక తీగ డబ్బాలో తీగకి. మీటరు చూసింది. ఆరు వందల ముప్పై మిల్లీవోల్టులు. తీగలు ఊడదీసి, తుడిచి, మళ్లీ పెట్టింది. అదే అంకె. చోటు మార్చి గుచ్చింది. అదే. కనీసం ఎనిమిది వందల యాభై ఉండాలి. కిందటిసారి ఫోన్ చేసి వచ్చినప్పుడు ఇదే డబ్బాలో తొమ్మిది వందలు దాటింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మట్టిలో పాతిన ఇనుముని తుప్పు తింటుంది. తినకుండా ఉండాలంటే గొట్టానికి దూరంగా కడ్డీలు పాతి, షెడ్డులో ఒక యంత్రం పెట్టి, సన్నగా కరెంటు పంపుతారు. అప్పుడు తుప్పు గొట్టం జోలికి రాదు, కడ్డీలని తింటుంది. ఆ కరెంటు గొట్టానికి చాలుతోందో లేదో మీటరు చెబుతుంది. కడ్డీలు అరిగితే కొత్తవి పాతాలి. ఇంతే విద్య. పాతకపోవడానికి మాత్రం చాలా పెద్ద చదువులు కావాలి.

ఇన్‌స్పెక్టరమ్మ తన ఆఫీసులో పెద్దసారుకి ఫోన్ చేసింది.

"కంపెనీ మనిషి పక్కన లేకుండా తీసిన కొలత చెల్లదు కదమ్మా," అన్నాడాయన. "రేపటికి రమ్మని చెప్పు."

"రేపటిదాకా ఎందుకు సార్, ఇప్పుడే పిలుస్తాను. మధ్యాహ్నం పెట్రోలు పంపింగ్ మొదలవుతుంది."

ఆ లైను చూసే కంపెనీ సూపర్‌వైజరు ఎవరో కాదు, ఆవిడ సొంత బావ. అక్క మొగుడు. పెద్దసారు ఈ లైను ఆవిడకి అప్పజెప్పింది కూడా అందుకే. బావ మీద మరదలు ఏం కేసు పెడుతుందిలే అని ఆయన ధీమా.

డబ్బా మూత ఊడిందని మాత్రమే విని, బావ బండి మీద రివ్వున వచ్చాడు.

"ఏంటి మరదలా, చెప్పాపెట్టకుండా దిగిపోయావ్? ఇంటికొస్తే అక్క టిఫిన్ పెట్టేదిగా!"

"ముందు కొలత బావా, తర్వాత టిఫిన్. నువ్వు చూస్తుండగా అంకె చదువుతాను. ఇలా రా."

"ఆగాగు. ఒక్క ఫోన్ చేసుకుని వస్తా," అని నాలుగడుగులు అవతలికి పోయి, చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడాడు.

మీటరు తీగలు తగిలించే ఉన్నాయి. టీ కొట్టావిడ వంగి చూసింది. "మేడమ్, అంకెలు మారుతున్నాయి!"

ఆరు వందల ముప్పై కాస్తా ఏడు వందలైంది. ఎనిమిది వందలైంది.

"ఓరి నాయనో, గాలి కొడుతున్నట్టు ఎక్కుతోందే!" అని గాలోడు అరిచాడు. చుట్టూ జనం మూగారు. అందరి కళ్ల ముందే తొమ్మిది వందలు దాటింది.

బావ ఫోన్ జేబులో పెట్టుకుని తిరిగొచ్చాడు.

"ఎవరికి బావా ఫోన్?"

"ఇంటికి. మీ అక్కకి."

"అక్కకి ఫోన్ చేస్తే మీటరు ఎక్కుతుందా?"

జనం గొల్లుమన్నారు. బావ మొహం కందగడ్డైంది. ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు.

"షెడ్డులో యంత్రం కరెంటు పెంచమన్నాను. సరేనా? కడ్డీలు అరిగిపోయాయి. కొత్తవి పంపండని అడిగి అడిగి నా నోరు పడిపోయింది. వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటారు పైవాళ్లు. ఎప్పుడూ పెంచి ఉంచితే మిగిలిన ఆ కాస్త కడ్డీలూ కరిగిపోతాయి. అందుకని మీరు ఫోన్ చెయ్యగానే పెంచుతాం, మీరు వెళ్లగానే తగ్గిస్తాం."

"మధ్యలో?"

"మధ్యలో దేవుడున్నాడు."

"దేవుణ్ణి మీ కంపెనీ ఏ జీతానికి పెట్టుకుంది బావా?"

"వెటకారం తర్వాత. నా ఉద్యోగం పోతే మీ అక్కా పిల్లలూ నీ గుమ్మం ముందుంటారు. ఆలోచించుకో."

"రానీ. చాపలు పరుస్తాను. ఈ వీధి తగలబడితే వీళ్లందరూ ఎవరి గుమ్మానికి పోతారు?"

ఈలోగా గాలోడికి ఉత్సాహం పొంగింది. కొట్టులోంచి గడ్డపార తెచ్చి, డబ్బా పక్కన కాళ్లు ఎడం చేసి నిలబడ్డాడు.

"ఇంత గొడవెందుకు? రెండు పోట్లు పొడిస్తే గొట్టం పుచ్చిందో లేదో తేలిపోద్ది!"

"వద్దు!" అని ఇన్‌స్పెక్టరమ్మ అరిచింది. కానీ ఆవిడ కంటే ముందు ఉరికింది బావ. గడ్డపార లాక్కుని రోడ్డు మీద పారేశాడు.

"పిచ్చెక్కిందా నీకు? కింద ఎంత మిగిలిందో నాకే తెలీదు!"

నోరు జారింది. వీధంతా వింది. ఇంతసేపూ నవ్వినవాళ్లు ఒక్కరూ నవ్వలేదు. టీ కొట్టావిడ స్టవ్ మీట మీద చెయ్యేసి, "ఆర్పెయ్యనా మేడమ్?" అంది.

"ఆర్పెయ్యమ్మా, ఈ పూటకి."

ఆర్పింది. ఆర్పి బావ వైపు తిరిగింది. "నేనైతే ఆర్పేశాను. నా పొయ్యి ఆరితే మీ గొట్టానికి రోగం కుదురుతుందా బాబూ? మీ పంపు కూడా ఆపండి మరి!"

బావ డబ్బా పక్కన గట్టు మీద కూలబడ్డాడు. కాసేపు అరచేతులతో మొహం రుద్దుకున్నాడు. తర్వాత తలెత్తి, "మీ పెద్దసారుకి కలుపు. నేనే చెబుతాను," అన్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ ఫోన్ కలిపి, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టింది.

"సార్, కంపెనీ తరఫున నేనున్నాను," అన్నాడు బావ. "యంత్రం పెంచమన్నది నేనే. పెంచకముందు ఆరు వందల ముప్పై. అదే అసలు కొలత. ప్రతిసారీ ఇంతే చేశాం."

పెద్దసారు తాపీగా అడిగాడు.

"ఇప్పుడెంతుంది?"

"ఇప్పుడు తొమ్మిది వందల పైన సార్."

"ఇప్పుడు బాగానే ఉందిగా. మరి అదే రాసెయ్యమ్మా. ఆ మూత బాగు చేయించమని కంపెనీకి చెప్పు. రేపు తీరిగ్గా మాట్లాడుకుందాం."

గాలోడు ఏదో తిట్టబోయాడు. భార్య మోచేత్తో పొడిచింది. ఇన్‌స్పెక్టరమ్మ ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకుంది. గొంతు పెంచలేదు.

"రాయను సార్. ఇప్పుడు పెంచిన కరెంటు రేపటి తుప్పుని ఆపుతుందేమో గాని, ఇన్నాళ్లు తుప్పు తినేసిన ఇనుముని తిరిగి కక్కించదు. ప్రమాదం కనబడితే అక్కడికక్కడే లైను ఆపించే హక్కు చట్టం నాకిచ్చింది. ఇన్నేళ్లలో మన ఆఫీసులో దాన్ని వాడినవాళ్లు లేరు. నేను వాడుతున్నాను, ఇంతమంది ముందు. మధ్యాహ్నం పంపింగ్ మొదలవదు. చేత్తో జాగ్రత్తగా తవ్వడం తెలిసినవాళ్లని కంపెనీ చేత పంపించండి. ఈ కొట్ల కింద గొట్టం పైకి కనబడాలి, మందం కొలవాలి, తరిగిన ముక్క కోసి కొత్తది అతకాలి. కొత్త కడ్డీలు భూమిలోకి దిగాలి. అప్పటిదాకా ఈ లైనులో చుక్క పెట్రోలు కదలకూడదు. ఇంకోటి సార్. ప్రతి డబ్బా తాళంచెవీ కంపెనీ దగ్గర్నుంచి తీసుకుని మాకివ్వండి. ఇక మేం ఫోన్ చెయ్యం. చెప్పం. వెళ్తాం, కొలుస్తాం. మీరు ఫోన్ పెట్టెయ్యకండి. బావ తన ఫోన్‌లో పంపింగ్ స్టేషన్ నంబరు కలుపుతున్నాడు. మీ నోటితో, ఇంతమంది వినేలా, పంపు ఆపమని ఇప్పుడే చెప్పండి."