బోరు బండి ఆగకముందే

పన్నెండుంపావుకి భోజనం పళ్లాలు పెడుతుంటే ఒకటి మిగిలింది. అఫ్రోజ్ లేడు.

దివ్యాంగుల డే కేర్ సెంటర్ ఇన్‌చార్జి వసంతలక్ష్మి రెండు గదులూ, స్నానాల గదీ చూసి గేటు దగ్గరికి పరుగెత్తింది. అక్కడ అతని చెప్పులు ఉన్నాయి. గేటుకి యాభై గజాల్లో సాగర్ రోడ్డు.

అఫ్రోజ్‌కి ఇరవై రెండేళ్లు. చెవులు వినపడవు. కళ్లకి వెలుగూ నీడా తప్ప తెలియవు. ఒంటి గంట మాత్ర తప్పితే మూర్ఛ వస్తుంది. చూపులేని వాళ్ల బడి మూర్ఛ ఉందని వద్దంది. మూర్ఛ రోగుల్ని చూసే చోట చూపు లేదని వద్దన్నారు. ఇబ్రహీంపట్నంలోని ఈ సెంటర్ మూడోది. ఇది కూడా కాదంటే నాలుగోది లేదు.

అతని ఫారంలో ఒక వాక్యం ఉంది: 'చెప్పులు విప్పి పారిపోతాడు, పట్టుకుని కూర్చోబెట్టాలి.' ఆ చేతిరాత వసంతలక్ష్మిదే.

ఫోన్ చేస్తే, మార్కెట్లో ఆకుకూరలమ్మే అతని తల్లి మదీనా బీ పది నిమిషాల్లో ఆటో దిగింది. చెప్పుల్ని చూడగానే అడిగింది.

"ఈడ దగ్గర్ల ఎవలన్న బోరేస్తున్నరా?"

"బోరేంటి?"

"నేల అదిరితే వాని కాళ్లకు తెలుస్తది మేడం. చెప్పులిడిసి ఆడికే పోతడు. చేరిన నాడే చెప్పిన గద."

చెప్పింది. ఫారంలో కళ్లకో గడి, చెవులకో గడి, మూర్ఛకో గడి ఉన్నాయి. దీనికి లేదు. వసంతలక్ష్మి ఆ రోజు తలూపి పెన్ను మూసేసింది.

వెనకాల కొత్త ప్లాట్లలో పొద్దున్నే బోరు బండి దిగిందని వ్యాన్ డ్రైవర్ దుర్గేష్ చెప్పాడు. ముగ్గురూ వ్యాన్ ఎక్కారు. మట్టి బాట మలుపు తిరిగేసరికి మోత వినిపించింది. సగం దూరంలో ఉండగానే ఆ మోత ఆగిపోయింది.

మదీనా బీ కిటికీలోంచి తల బయటపెట్టింది. "బందైంది. ఇగ వాడు ఇంకో అదురు దేవులాడుతడు."

ఇంకో అదురంటే లారీలు. లారీలంటే సాగర్ రోడ్డు.

బోరు బండి నీడలో పనివాళ్లు టిఫిన్ డబ్బాలు విప్పుతున్నారు. ఎవడో బోర్లా పడుకుని నేలకి చెంప ఆనించి ఉన్నాడని, తాగుబోతనుకుని తరిమామని బండి నడిపే ముత్యాలు చెప్పాడు. చేత్తో రోడ్డువైపు చూపించాడు. టైం పన్నెండు యాభై.

"బండి స్టార్ట్ చెయ్యి," అంది వసంతలక్ష్మి.

"అన్నం తినొద్దా మేడం?"

"అన్నా, వాడు నా కొడుకు," అంది మదీనా బీ. "జర నడుపు."

ముత్యాలు డబ్బా మూత పెట్టేశాడు.

ఇంజను అరిచింది. తెల్లటి దుమ్ము లేచింది. ఒక నిమిషం. రెండు. దుర్గేష్ రోడ్డువైపు కదలబోతే మదీనా బీ అతని చొక్కా పట్టుకుని ఆపింది. కొత్త చెయ్యి పడితే వాడు బెదిరి లారీ కిందికే ఉరుకుతాడంది.

మూడో నిమిషంలో, రోడ్డు కట్ట మీద ఒక మనిషి ఆగాడు. పాదంతో నేలని తడిమాడు. వెనక్కి తిరిగాడు. ప్లాట్ల హద్దురాళ్లకి తట్టుకుంటూ, నవ్వుతూ, నేరుగా బోరు బండి దగ్గరికి నడిచొచ్చాడు. తల్లి మణికట్టు అందించింది. గాజులు తడిమి గుర్తుపట్టాడు. మాత్ర మింగేసరికి ఒంటిగంటకి రెండు నిమిషాలు తక్కువ.

అప్పుడే వసంతలక్ష్మి ఫోన్ మోగింది. సెంటర్ నడిపే ట్రస్టు కార్యదర్శి కృష్ణారావు. కుర్రాడు పారిపోయాడని తెలిసిందని, ఈరోజే పేరు తీసేయమని అన్నాడు.

"పారిపోలేదండీ. నేల అదిరే చోటికి వెళ్లాలని ఆరు నెలలుగా చెప్పులు విప్పి చెబుతున్నాడు. మనం మళ్లీ తొడిగి కూర్చోబెడుతున్నాం. ఫారం తప్పు. రాసింది నేను."

"రేపు మళ్లీ వెళితే?"

ఆమె ఫోన్ చెవి దగ్గరే ఉంచి ముత్యాలు వైపు తిరిగింది. "రేపు బోరు ఎక్కడ?"

"మన్నెగూడల. పొద్దుగాల తొమ్మిదింటికి."

"రేపు నేనే తీసుకెళ్తానండీ," అంది ఫోన్లో. "తొమ్మిదింటికి. మన్నెగూడ."

ఆమె ఫోన్ పెట్టేసింది. వ్యాన్ మెట్టు మీద మదీనా బీ కొడుక్కి చెప్పులు తొడుగుతోంది. బోరు ఇంకా నడుస్తూనే ఉంది. అతను అప్పుడే ఒకటి విప్పేశాడు.